తొడ మీద ఎర్రసింహం

అక్కి అంటే ఏమిటో, దాన్ని రాయడం ఏమిటో తెలియనివాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ఒంటి మీద ఒకచోట చర్మం ఎర్రబడి, మండి, పొక్కులు లేస్తే మా వైపు దాన్ని అక్కి అంటారు. దానికి మందు డాక్టరు దగ్గర ఉండదని మావాళ్ల గట్టి నమ్మకం. కుమ్మరివాళ్ల ఇంటికి పోవాలి. కుమ్మరి జాజు, అంటే అరుగులకు పూసే ఎర్రమట్టి, నీళ్లలో తడిపి చీపురుపుల్లతో ఆ మంట చుట్టూ గీతలు గీస్తాడు. పక్కన ఒక సింహం బొమ్మ వేస్తాడు. పరగడుపున మూడు పొద్దులు రాస్తే అక్కి దిగిపోతుందంటారు. చిన్నప్పుడు నాకు మెడ మీద రాశారు. తగ్గింది. రాయకపోయినా తగ్గేదని ఇప్పుడు తెలుసు. కానీ ఆ చల్లటి మట్టి తగిలినప్పుడు ప్రాణం లేచివచ్చిన మాట మాత్రం నిజం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒమన్‌లో మా బావ కాలు కాలిపోయిన కథలో ఆ సింహం కూడా ఉంది.

మస్కట్ శివారు మబేలాలో టైర్ల దుకాణం పైన మా రూమ్. ఆరు మంచాలు, మూలకు గ్యాస్ పొయ్యి, రోజంతా గురక పెట్టే ఒక ఏసీ. అందరం జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లం. దుబాయిలో పనులు ఆగిపోయి జనం వాపసు పోతున్నారని వింటున్న రోజులవి. ఉన్న డ్యూటీ నిలబడితే చాలు దేవుడా అన్నట్టు ఉండేవాళ్లం. నేను సిమెంటు, టైల్స్ అమ్మే దుకాణంలో పికప్ బండి నడిపేవాణ్ణి. మా అక్క భర్త, అంటే మా బావ, పైపులు వెల్డింగ్ చేసే ఒక యార్డులో హెల్పరు. ఆయన విమానం ఎక్కేనాటికి అక్క కడుపుతో ఉంది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. బావ ఆ పిల్లను ఫోటోలో తప్ప చూడలేదు.

ఆయన మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. దారిలో దొరికిన మెరిసే వస్తువల్లా అందులోకి పోయేది. పూసలు, జడపిన్నులు, ఇనుప గోలీలు, ఎవరో పారేసిన తాళంచెవి గొలుసులు. అన్నీ బిడ్డకే.

"మా అక్కతోని పాతసామాన్ల దుకాణం పెట్టిస్తవా ఏంది బావా?" అనేవాణ్ణి.

"నీకేం ఎర్కరా బామ్మర్ది, నీకు పెండ్లి గాలె, పిల్లలు గాలె. నా బిడ్డ ఒక్కొక్కటి దీసి ఇదేంది బాపూ అని అడుగుతది, నేను జెప్త" అనేవాడు.

రూములో అందరికంటే పెద్దాయనను కాక, అంటే చిన్నాన్న, అని పిలిచేవాళ్లం. ఎవరికి చుట్టమో తెలియదు గానీ అందరికీ కాకే. కుమ్మరి కుటుంబం. మట్టి పని చెయ్యడం మానేసి ఎన్నో ఏళ్లయినా, చేతిలో ఆ నెమ్మది పోలేదు. ఎడారిలో నూనె బావుల నుంచి తీసిన పాత పైపులు వచ్చిపడే యార్డులో ఆయన డ్యూటీ. ఆ పైపుల లోపల ఏళ్ల తరబడి పేరుకున్న పెచ్చును సుత్తితో, రాడ్డుతో కొట్టి రాల్చాలి. సాయంత్రం వచ్చేసరికి కాక కనురెప్పల దాకా ఎర్రగా ఉండేవాడు. మెట్ల మీద నిలబడి డ్రెస్సు దులిపితే ఆ ఎర్రదుమ్ము మా అన్నంగిన్నెల దాకా వచ్చేది. దాని గురించి రోజూ గొడవే. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మంటే ఊపిరాడదనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నమే బావ రూముకు వచ్చాడు. నేను లోడు దించి అన్నానికి వచ్చి ఉన్నాను. ఆయన ఒంటి మీద వేరే ఎవరిదో ప్యాంటు ఉంది, చీలమండల మీదికి పొట్టిగా. బాత్రూములోకి పోయి భళ్లున కక్కాడు.

"ఎవని ప్యాంటు గుంజుకొచ్చినవే?" అని నవ్వాను.

"ఎండ దెబ్బ గొట్టింది. పండనీ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాతో పరాచికం ఆడకుండా ఆయన పడుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు కుడి తొడ మీద అరచేయంత మేర ఎర్రబడింది. జేబు ఉండే చోట. కాక కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "అక్కిరా ఇది. వేడికి లేసింది" అన్నాడు. బావ ఆ మాట పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో, ఎందుకు పట్టుకున్నాడో నాకు అప్పుడు తెలియదు. అక్కి అని పేరు పెట్టేసరికి ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది.

జాజు ఎక్కడిది మబేలాలో? దుకాణాలన్నీ అడిగాను. రంగుల డబ్బాలు చూపించారు. కాక ఒప్పుకోలేదు, మట్టే కావాలన్నాడు. మూడో రోజు సాయంత్రం తన యార్డు నుంచి ఒక ప్లాస్టిక్ కవరులో ఎర్రటి పొడి తెచ్చాడు. పైపుల్లోంచి రాలిన పెచ్చు. "భూమి లోపటి మట్టే గదరా, జాజు కంటే మెత్తగున్నది" అంటూ స్టీలు గ్లాసు అడుగుతో నూరాడు. నూరుతుంటే లేచిన పొడి ఆయన మీసాల మీద వాలింది. అదే గ్లాసులో నీళ్లు పోసి కలిపి, తెల్లారి పరగడుపున బావ తొడ మీద సింహం గీశాడు. తోక పైకి ఎత్తిన మంచి సింహం. మూడు పొద్దులు గీశాడు.

వారం తిరిగేసరికి తొడ మామూలుగా అయిపోయింది. ఎరుపు లేదు, మంట లేదు.

కాకకు ఎక్కడలేని పేరు వచ్చింది. పక్క రూముల వాళ్లు, నడుం నొప్పి వాళ్లు, మోకాళ్ల వాళ్లు, చివరికి కింద టైర్ల దుకాణంలో పనిచేసే బంగ్లాదేశ్ అతను కూడా వచ్చి బొమ్మ గీయించుకున్నాడు. శుక్రవారం కోడి వండాం. బావ మళ్లీ నన్ను ఏడిపించడం మొదలుపెట్టాడు. "నువ్వు గూడ రాయించుకోరాదురా, బుద్ధన్న వస్తది" అన్నాడు. ఆ కోడికూర రుచి ఇప్పటికీ గుర్తుంది. నిజానికి ఆ రోగం తగ్గనే లేదు. లోపల చర్మం చచ్చిపోతూ ఉంది. ముందు ఎర్రబడి, తర్వాత ఏమీ లేనట్టు కొన్ని వారాలు ఊరుకుని, ఆ తర్వాత అసలు రూపం చూపడం ఇలా కాలిన గాయం గుణమట. మేము ఆ మధ్యలో కోడిని కోశాం.

రెండు మూడు వారాలకు అది తిరిగి వచ్చింది. ఈసారి ఎరుపు కాదు, మాడిన రంగు. ముందు ఆ మేర వెంట్రుకలన్నీ రాలిపోయాయి. తర్వాత నీటి బుడగల్లాంటి పొక్కులు, అవి చితికి పచ్చి పుండు. బావ లుంగీ అంచు తగిలినా అరిచేవాడు. "పథ్యం తప్పిండు, కోడి తిన్నడు, అక్కి కోపానికొచ్చింది" అన్నాడు కాక. మళ్లీ ఎర్రపొడి నూరి పుండు చుట్టూ, కొంత పుండు మీదా గీశాడు. ఆ సింహం రసిలో కరిగి కారిపోయింది.

నాకు కోపం వచ్చింది. కాక మీద, బావ మీద, ఆ కోడి మీద కూడా. "బొమ్మలతోని గాదు, నడువు" అని బావను లేవదీసి, చొక్కా తొడిగి, పికప్‌లో పక్కన కూర్చోబెట్టాను. దగ్గరి క్లినిక్‌లో వేడినీళ్లు పడ్డాయా అని అడిగి పూత మందు ఇచ్చారు. అది పెట్టాక నొప్పి ఇంకా పెరిగింది. మస్కట్ పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో బావ చెప్పాడు. నా వైపు చూడకుండా అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

వాళ్ల యార్డులో వెల్డింగ్ అతుకులు లోపల సరిగ్గా ఉన్నాయో లేదో ఫోటో తీసే పార్టీ ఒకటి బయటి నుంచి వచ్చేది. పనివాళ్లంతా వెళ్లిపోయాక చుట్టూ తాడు కట్టి తీసేవాళ్లు. ఆ రోజు పొద్దున బావ యార్డు ఊడుస్తుంటే పైపు పక్కన చిటికెనవేలంత మెరిసే ముక్క కనబడింది. ఒక కొస మొద్దుగా, ఇంకో కొస చిన్న గొలుసులాగా ఉందట. జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా అది జేబులోనే ఉంది. అప్పుడు ఫోటో పార్టీ వాళ్లు చేతిలో ఏదో యంత్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. బావ దగ్గరికి రాగానే ఆ యంత్రం కుయ్యిమని అరిచింది. దూరం నుంచే ప్యాంటు విప్పమన్నారు. పొడుగాటి పటకారుతో ముక్కను తీసి సీసపు డబ్బాలో వేసుకున్నారు. వేరే ప్యాంటు ఇచ్చారు. "కిసీకో మత్ బోల్నా" అన్నారు. ఎవరికైనా చెబితే దొంగతనం కింద జైల్లో వేయిస్తామనీ, వీసా పోతుందనీ బెదిరించారు.

"ఎందుకు దీసుకున్నవే దాన్ని?" అన్నాను.

"బిడ్డకురా" అన్నాడు. "డబ్బల ఏద్దామనుకున్న."

నేను బండి పక్కకు ఆపాను. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. ఆ ముక్క డబ్బాలోకి చేరి ఉంటే, ఆ డబ్బా మా ఊరికి చేరి ఉంటే?

ఆసుపత్రిలో డాక్టరు మనదేశం ఆయనే, హిందీలో మాట్లాడాడు. బావ చెప్పింది రెండుసార్లు చెప్పించుకుని, రక్తం తీయించి చూశాడు. తెల్లకణాలు బాగా పడిపోయాయన్నాడు. ఆ ముక్క ఇరిడియం అనే లోహం. అతుకుల ఫోటోలు తీసేది దానితోనే, వాళ్ల పెట్టెలోంచి జారిపడి ఉంటుందన్నాడు. దానిలోంచి కంటికి కనబడని కిరణం వస్తుంది. బట్టనూ చర్మాన్నీ కండనూ దాటుకుంటూ పోతుంది, దాటినంత మేరా కణాలను చంపుతుంది. వేడి తెలియదు, నొప్పి తెలియదు. తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది.

"నాల ఉన్నదా సార్ అది ఇంకా?" అని అడిగాడు బావ. అది ఆయన అడగదలుచుకున్న ఒకే ఒక్క ప్రశ్న. "నా బిడ్డను ముట్టుకోవచ్చునా?"

డాక్టరు ఓపికగా చెప్పాడు. పొయ్యి పక్కన కూర్చుంటే ఒళ్లు కాలుతుంది, అంతమాత్రాన నిప్పు ఒంట్లోకి రాదు కదా. ఇదీ అంతే. ముక్క పోయింది, కిరణం పోయింది. నీలో ఏమీ మిగల్లేదు, నీ వల్ల ఎవరికీ ఏమీ కాదు. నమ్మకం కుదరడానికి, కిరణం ఉంటే టిక్కుమనే మీటరు పెట్టి చూపిస్తానని ఒకాయనను పిలిపించాడు. మలయాళీ ఆయన. చేతిలో చిన్న పెట్టె, దానికి తీగతో ఒక గొట్టం.

తల మీద పెట్టాడు. నిశ్శబ్దం. గుండె మీద, పొట్ట మీద. నిశ్శబ్దం. బావ ముఖం తేటపడుతోంది. గొట్టం తొడ దగ్గరికి వచ్చింది. టిక్కు టిక్కు టిక్కుమంది.

ఆ చప్పుడుకు బావ ముఖం ఎలా అయిపోయిందో నేను రాయలేను. డాక్టరు కూడా అదిరిపడ్డాడు. ఇది ఉండకూడదు, ఎలా ఉంటుంది అంటూ గొట్టాన్ని మళ్లీ పెట్టించాడు. మళ్లీ టిక్కుమంది. అప్పుడు నేను కాక సంగతి, ఎర్రపొడి సంగతి చెప్పాను. మలయాళీ ఆయన తడిగుడ్డతో పుండు చుట్టూ ఉన్న ఎర్రటి గీతలన్నీ తుడిచాడు. నర్సు పుండును చాలాసేపు కడిగింది. మళ్లీ మీటరు పెడితే తొడ మూగబోయింది. టిక్కుమన్నది ఆ గుడ్డ.

ఇది వేరే జాతి అన్నాడాయన. భూమి అడుగు నుంచి నూనెతో పాటు పైకి వచ్చే నీళ్లలో రేడియం ఉంటుంది, పైపు గోడలకు పెచ్చు కడుతుంది. దీనిలోంచి ఎక్కువగా వచ్చేది కాగితం కూడా దాటలేని కిరణం. ఒంటి మీద పడితే తోలు ఆపేస్తుంది, పొడి కడుక్కుంటే పోతుంది. కానీ పీల్చినా, మింగినా, పుండులోంచి లోపలికి పోయినా కథ మారిపోతుంది. ఎముక దాన్ని సున్నం అనుకుని దాచుకుంటుంది. దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. కాగితం దాటలేనిది పక్కనున్న కణాన్ని మాత్రం ఏళ్ల తరబడి కొడుతూనే ఉంటుంది. ఆ ఇరిడియం ముక్క ఒక్క పూటలో చేసే పనిని ఇది మెల్లగా చేస్తుంది.

ఆ సాయంత్రమే మీటరు పట్టుకుని మా రూముకు వచ్చాడు. మెట్ల మీద టిక్కుమంది. కాక బూట్ల మీద, దిండు మీద, మేమంతా నీళ్లు తాగే స్టీలు గ్లాసు మీద టిక్కుమంది. ఆ గ్లాసును కవరులో వేసి కట్టేశాడు. కాక మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, "నాకేం నొప్పి లేదు బిడ్డా. మంచిగనే ఉన్న" అని అందరి ముఖాలూ చూశాడు. ఆయనకు నిజంగానే ఏ నొప్పీ లేదు. నొప్పి ఉన్నవాడేమో ఆసుపత్రిలో అరుస్తున్నాడు, వాడి ఒంట్లో మీటరుకు దొరికేదేమీ లేదు.

ఇంత చెప్పినా ఎవరికి ఎక్కింది? మావాళ్లు బూట్లు బయట పెట్టించి, మెట్లు కడిగి, కాకను క్షమించేశారు. బావ కట్టు కట్టించుకుని వాపసు వస్తే మాత్రం, "కోపం జేసుకోకురా, వానికి వేరే జాగ జూడు" అన్నారు. పుండు కంపు కొడుతోంది, కంటికి కనబడుతోంది. దుమ్ము కనబడదు. నేను అరిచాను, బూతులు తిట్టాను, డాక్టరు మాటలన్నీ వరసగా అప్పజెప్పాను. బావే నా చెయ్యి పట్టుకుని, "వద్దురా, వాళ్లకూ పిల్లలున్నరు" అన్నాడు. మా దుకాణం వెనక టైల్స్ గోదాములో అట్టలు పరిచి పడుకోబెట్టాను.

మస్కట్‌లో రెండుసార్లు చచ్చిన కండను కోసి వేరే చోటి చర్మం అతికించారు. అది పట్టలేదు. అతికిన చోటే మళ్లీ నల్లబడేది, ఎందుకంటే కింద రక్తనాళాలు కూడా కాలిపోయాయి. ఆ ఫోటో పార్టీ మీద విచారణ జరిగిందన్నారు, ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. నేను బావను హైదరాబాదు తీసుకువచ్చాను. అక్కడ కుడి కాలు తొడ మొదట్లోంచి తీసేశారు. తీసేశాక మొదటిసారి నిద్రపోయాడు.

కాకను ఆయన కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, అంటే మళ్లీ రాకుండా వీసా రద్దు చేసి, పంపేసింది. ఊళ్లో చాలా ఏళ్లు బాగానే తిరిగాడు. తర్వాత దగ్గు మొదలైంది, ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. దుమ్ము వల్లనో ఆయన కాల్చిన బీడీల వల్లనో ఏ డాక్టరూ తేల్చలేదు. పోయేముందు చూడబోతే, "నేను రాసినందుకేనా వాని కాలు పోయింది?" అని అడిగాడు. కాదు కాకా, అది ముందే కాలిపోయింది అన్నాను. కళ్లు మూసుకున్నాడు. తన గురించి మాత్రం అడగలేదు.

బావ ఇంటికి వచ్చిన రోజు గురించి చెప్పి ముగిస్తాను. ఆటోలోంచి నేను ఎత్తి దించితే, ఫోటోల్లో చూసిన పిల్ల గడప దాటి పరుగెత్తుకొచ్చింది. బావ చెయ్యి అడ్డం పెట్టి, "పట్టుకోండ్రి, దగ్గరికి రానియ్యకుండ్రి" అని కేకేశాడు. పిల్ల బెదిరి ఏడ్చింది. ఆరోజు నుంచి అదే వరస. పిల్ల ఒక మూల, ఆయన ఒక మూల. డాక్టరు మాట గుర్తుచేస్తే, "ఎర్కనేరా. నాకు అన్నీ ఎర్కనే. కానీ ఆ టిక్కు టిక్కు నా చెవులల్ల పోతలేదు" అనేవాడు. నేను మోసుకొచ్చిన బిస్కెట్ల డబ్బాను ఆయనే నాతో ఊరి బయట గొయ్యి తీయించి పాతిపెట్టించాడు. పాపం పూసలు, జడపిన్నులు. తన చొక్కాలకున్న జేబులన్నీ కుట్టెయ్యమని అక్కకు చెప్పాడు. అక్క కుట్టేసింది.

మా అక్క ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొన్నాళ్లు చూసింది. ఒకరోజు అన్నం తిని నేను చెయ్యి కడుక్కుంటున్నాను. అక్క లేచి పిల్లను చంకనెత్తుకుని వచ్చి, మంచంలో ఉన్న బావ ఎడమ తొడ మీద కూర్చోబెట్టింది. ఆయన వెనక్కి జరగబోతే రెండు చేతులూ పట్టుకుని పిల్ల చుట్టూ వేసి, పైన తన చేతులు బిగించి పట్టుకుంది.

"కాలితే ముగ్గురం కాల్దం. కూసో" అంది.

బావ గింజుకున్నాడు, తర్వాత గింజుకోవడం మానేశాడు. నేను కడిగిన చెయ్యి కడుగుతూనే ఉన్నాను. పిల్ల కాసేపు ఆయన గడ్డం చూసింది. తర్వాత, దుబాయి నుంచి వచ్చిన పక్కింటాయన జేబులో చాక్లెట్లు ఉండడం చూసిందేమో, ఏమైనా తెచ్చాడా అని బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టబోయింది. జేబు తెరుచుకోలేదు. చిన్న వేళ్లతో ఆ కుట్టు వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది.